కొసరు గది పద్యం: సటీకాతాత్పర్యం

ఆ. కార్డుఁ జీల్చి రెండు గదులుగాఁ గావించి
మూల మెల్లఁ దెచ్చి ముద్ర వేసి
తల్లి చిప్పు నంటఁ దలఁపకు మెన్నఁడు
కొసరు గదిని యాడుకొనుము కుఱ్ఱ!

అవతారిక: నింటెండో స్విచ్ అనే ఆటల యంత్రం 2017 మార్చిలో అవతరించింది. ఏడాది తిరిగి 2018 ఏప్రిల్ వచ్చేసరికి దాని పుట్టుకలోని దోషం బయటపడింది. టెగ్రా చిప్పులో చెరపరాని అక్షరాలతో చెక్కిన తొలి బూట్ కోడ్‌లోనే ఉంది ఆ లోపం. కుడి జాయ్‌కాన్ జారే పట్టాలో పదో పిన్నును గ్రౌండుకు కలిపి, వాల్యూమ్ పెంచే మీటా పవర్ మీటా కలిపి నొక్కితే యంత్రం మూర్ఛపోయినట్టు రికవరీ స్థితిలోకి పోతుంది. అప్పుడు యూఎస్‌బీ తీగ గుండా ఏ మంత్రం ఊదినా తలూపుతుంది. అప్పటికే అమ్ముడైన యంత్రాల్లో దీన్ని దిద్దడం బ్రహ్మతరం కాదు. తర్వాత తయారైన వాటిలో దిద్దారు. పద్యం తొలికాలపు యంత్రాలకు చెప్పినది.

ప్రతిపదార్థం: కుఱ్ఱ = ఓ చిన్నవాడా; కార్డున్ = మైక్రో ఎస్‌డీ కార్డును; చీల్చి = విడగొట్టి; రెండు గదులుగాన్ = రెండు పార్టిషన్లుగా; కావించి = చేసి; మూలము ఎల్లన్ = యంత్రం సొంత నిల్వలోని సర్వాన్ని; తెచ్చి = కాపీ చేసి; ముద్ర వేసి = గుర్తు పెట్టి; తల్లి చిప్పున్ = ఆ సొంత నిల్వను; అంటన్ = తాకడానికి; ఎన్నఁడున్ = ఏనాడూ; తలఁపకుము = అనుకోకు; కొసరు గదినిన్ = రెండో పార్టిషన్‌లో; ఆడుకొనుము = నీ ఇష్టం.

తాత్పర్యం: అసలును అసలుగా ఉంచి, దాని నకలులో అట్మాస్ఫియర్ వంటి కస్టమ్ ఫర్మ్‌వేర్ నడుపుకోమని. దీన్నే ఆ విద్యలోని వారు ఎముఎంఎంసీ అంటారు. అట్మాస్ఫియర్‌కు ఈ వసతి 2019లో వచ్చింది.

విశేషాలు: 'చీల్చి' అన్నది కవి మర్యాద కొద్దీ వాడిన మెత్తని మాట. హెకాటే అనే బూట్‌లోడర్‌లో ఈ పనికి పూనుకుంటే కార్డులో ఉన్నదంతా ఊడ్చిపెట్టుకుపోతుంది. ఫొటోలున్నవారు ముందే వేరేచోట దాచుకోవాలి. తెర మీద గీతను జరిపి వెనక గదికి 29 జీబీ కేటాయించాలి. యంత్రం పెట్టె మీద 32 జీబీ అని ఉంటుంది కదా, మిగతాది ఏమైందని అడగొద్దు. చాలావరకు అది తూకం తేడా: తయారీదారు వెయ్యి చొప్పున కొలుస్తాడు, యంత్రం 1024 చొప్పున కొలుస్తుంది. ముందు గదికి ఫ్యాట్32 అనే సున్నం వేస్తారు. వెనక గదికి సున్నమూ లేదు, గుమ్మమూ లేదు, ఉన్నవన్నీ ముడి సెక్టార్లే. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

పాఠాంతరం: కొందరు మొదటి పాదాన్ని 'ఫైళ్లు పేర్చి' అని మొదలుపెడతారు. గది కట్టకుండా, నకలును ముక్కలు చేసి ముందు గదిలోనే ఫైళ్లుగా పేర్చుకోవచ్చని వారి మతం. ఫ్యాట్32లో ఏ ఫైలూ 4 జీబీకి మించరాదు గనుక ముక్కలు చేయక తప్పదు. సులువే, కాదనను. కానీ 'ఫై'కీ 'గ'కారానికీ యతిమైత్రి లేదు. ఆ ఒక్క కారణం చాలు, ఈ పాఠాన్ని తోసిపుచ్చడానికి. వేగం తగ్గుతుందన్నది రెండో కారణం.

'ముద్ర వేసి': కార్డులో ఎముఎంఎంసీ డాట్ ఐఎన్ఐ అని నాలుగైదు వరుసల ఫైలు ఒకటుంటుంది. వెనక గది ఏ సెక్టారు దగ్గర మొదలైందో అందులో రాసి ఉంటుంది. ఆ అంకె తప్పితే యంత్రం పక్కింటి తలుపు కొట్టినట్టే.

'తల్లి చిప్పు' అంటే మదర్‌బోర్డు అని అర్థం చెప్పినవారున్నారు. పొరపాటు. తొలినాటి స్విచ్‌లో ఈ చిప్పు విడిగా చిన్న పలక మీద ఉండి, లాగితే ఊడి వస్తుంది. వరసకు కూతురవుతుంది. నకలుకు తల్లి గనుక కవి తల్లి అన్నాడు.

శంక: గది వేరైనప్పుడు అక్కడ చేసిన అల్లరి అసలుకు అంటదు కదా?

సమాధానం: అంటుంది. 'మూల మెల్లఁ దెచ్చి' అన్నాడు; ఆ 'ఎల్ల'లో ప్రాడ్‌ఇన్ఫో అనే చిన్న పార్టిషన్ కూడా వచ్చింది. యంత్రం సొంత ధ్రువపత్రం ఉండేది అందులోనే. కొసరు గది నుంచి ఆన్‌లైన్‌కు వెళితే కంపెనీ సర్వరుకు కనిపించేది ఆ ధ్రువపత్రమే. వెలివేస్తే యంత్రాన్నే వెలివేస్తారు, గదిని కాదు. వేరు కాపురం పెట్టినా ఇంటిపేరు మారలేదన్నమాట. అందుకే ఎక్సోస్ఫియర్ డాట్ ఐఎన్ఐ అనే మరో ఫైలులో, కొసరు గదికి మాత్రం ప్రాడ్‌ఇన్ఫోను ఖాళీగా చూపే వరుస ఎదుట 1 అని రాయమంటారు పెద్దలు. కవి దీన్ని పద్యంలో ఎందుకు చెప్పలేదంటే, ఆటవెలదిలో చోటు లేదు.

'కుఱ్ఱ': ఈ సంబోధన ఎవరిని ఉద్దేశించిందో నాకు తెలుసు. మా మేనల్లుడు పన్నెండేళ్లవాడు. కొసరు గది కట్టి ఇచ్చిన మూడో రోజున కార్డు తీసి ల్యాప్‌టాప్‌కు పెట్టాడు. ముందు గది మామూలుగా తెరుచుకుంది. వెనక గదికి గుమ్మం లేదని చెప్పానుగా, ల్యాప్‌టాప్ దాన్ని పాడుపడ్డ గది అనుకుని ఫార్మాట్ చేయమంటారా అని అడిగింది.

"మామయ్యా, అదేదో అడిగింది, సరే అన్నాను."

29 జీబీ గంగలో కలిసింది. వాడు నా మొహం చూసి గుడ్లనీళ్లు పెట్టుకున్నాడు. పోయింది కొసరే, ఆటల సేవ్‌లు మాత్రం దానితోనే పోయాయి. పిన్నును కలిపే జిగ్‌ను పట్టాలో దూర్చి, మీటలు నొక్కి, మళ్లీ కార్డు చీల్చి, మళ్లీ మూలమెల్లఁ దెచ్చాను. వాడు సెట్టింగ్స్‌లో సిస్టమ్ పేజీ తెరిచి, వెర్షన్ అంకెల చివర కళ్లు పెట్టాడు. అట్మాస్ఫియర్ అసలు నిల్వ మీద నడుస్తుంటే అక్కడ 'ఎస్' అని ఉంటుంది.

"మామయ్యా, 'ఈ' వచ్చింది!"