బజారుకు దారి

శ్రీకాకుళం జిల్లా నందిగాం పల్లెల్లో వృద్ధులను బజారుకు చేర్చే స్వచ్ఛంద రవాణాకు ఆఫీసు లేదు, బోర్డు లేదు, ప్రారంభోత్సవం జరగలేదు. అందుకే నడుస్తోంది. పక్కింటి గుంటడి బైకు వెనక సీటే ఇందులో ప్రధాన వాహనం. "తాతా, బేగి ఎక్కు" అంటే టికెట్టు కొట్టినట్టే. బ్రిటన్‌లో ఇదే పనిచేసే వలంటీరు డ్రైవర్లకు మైళ్ల లెక్కన పెట్రోలు ఖర్చు ముడుతుంది. ఇక్కడ టెక్కలి బజారుకు తీసుకెళ్లినందుకు ఒక టీ, తిరిగి తెచ్చినందుకు "పెళ్లెప్పుడురా?" అన్న ప్రశ్న ముడతాయి.

సర్కారు పద్ధతి వేరు. మనిషిని కొట్టుకు చేర్చడం కష్టమని కొట్టునే మనిషి దగ్గరికి పంపింది. 2021లో రాష్ట్రమంతటా 9,260 రేషన్ బండ్లు రోడ్డెక్కాయి. గుమ్మం దాకా వస్తుందన్న బండి చాలాచోట్ల వీధి మొగలోనే ఆగేది. సంచి పట్టుకుని ముసలమ్మే అక్కడిదాకా నడిచేది. జీడిపిక్కలు కొట్టీ కొట్టీ గీతలరిగిన వేలిని రేషన్ ఇచ్చే వేలిముద్రల మిషను పోల్చుకోదు. క్యూలో ఉన్న ఊరంతా పోల్చుకుంటుంది, కానీ ఊరి మాట చెల్లదు. 2025 జూన్ 1 నుంచి బండ్లు పోయి రేషన్ దుకాణాలే మళ్లీ తెరుచుకున్నాయి. దివ్యాంగులకు, 65 ఏళ్లు దాటినవారికి మాత్రం సరుకు ఇంటికే ఇవ్వాలన్నారు. 64 ఏళ్ల మోకాళ్లు నొప్పి పెట్టవని కాబోలు.

పింఛనుకైతే 2020 నుంచి సర్కారు వలంటీర్లు తలుపు తట్టేవారు. 2024 ఎన్నికల వేళ ఎన్నికల సంఘం వారిని ఆపింది. ముసలివాళ్లు ఏప్రిల్‌లో గ్రామ సచివాలయానికి, మేలో చాలామంది బ్యాంకుకు ఎండలో నడిచారు. జులై నుంచి సచివాలయ ఉద్యోగులే ఇంటికి తెస్తున్నారు. డబ్బును మనిషి దగ్గరికి చేర్చే పథకాలు ఇన్ని పుట్టాయి గానీ, ఆ డబ్బు ఖర్చయ్యే చోటికి మనిషిని చేర్చే పథకం ఒక్కటీ పుట్టలేదు.

ఆర్టీసీ ఉంది కదా అనవచ్చు. 60 దాటితే టికెట్టులో 25 శాతం రాయితీ. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు బస్సుల్లో అసలు ఛార్జీయే లేదు. కాబట్టి భార్య ఉచితం, భర్త ముప్పాతిక. బస్సు లోపలికి రాని ఊళ్లో మాత్రం ఇద్దరూ షేర్ ఆటోకు పూర్తి ఛార్జీ ఇచ్చుకుని సమానులవుతారు. ఆటోలో ఆమెకు నడిమి సీటు, ఆయనకు వెనక, కాళ్లు బయటికి. రాయితీ లేకపోయినా, రాలేనినాడు మందుల చీటీ పంపితే డ్రైవరే మాత్రలు కొని చిల్లరతో సహా తెచ్చిస్తాడు. ఈ సేవ ఏ రికార్డులోనూ ఎక్కదు. అతని పేరు రికార్డుకెక్కేది ఓవర్‌లోడు కేసు రాసినప్పుడే.