చిల్లర టికెట్టు వెనక రాశాను

పెళ్లి భోజనాల దగ్గర చుట్టాలు నన్ను పలకరించే తీరు ఒకటుంది. ముందు మోకాళ్ల నొప్పుల సంగతి అడుగుతారు. ఆ వెంటనే, శిక్ష పూర్తికాని ఖైదీని పరామర్శించినట్టు, "ఇంకా బస్సుల్లోనేనా?" అంటారు. అదే బంతిలో రెండు విస్తళ్ల అవతల మా బావమరిది కూర్చుంటాడు. అతన్ని మాత్రం "ఇప్పుడేం చేస్తున్నావురా?" అని హుషారుగా అడుగుతారు. ప్రతి పెళ్లికీ అతని దగ్గర కొత్త జవాబు ఉంటుంది మరి. నా జవాబు 1991 నుంచి ఒకటే. ఆర్టీసీ కండక్టర్ని.

నేను చేరేనాటికి టికెట్లు కొట్టే టిమ్ మిషన్లు లేవు. ట్రేలో రంగురంగుల టికెట్ల కట్టలు, చేతిలో పంచ్, భుజాన తోలుసంచి, చెవి మీద పెన్ను. నరసరావుపేట నుంచి వినుకొండ వైపు వెళ్లే ఊళ్ల బస్సు. డ్రైవరుకు రోడ్డొకటి చూసుకుంటే చాలు. నేనైతే టికెట్లు కొట్టాలి, స్టేజీ దాటేలోపు లెక్క కాగితం నింపాలి, ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లను లోపలికి తొయ్యాలి, కిటికీలోంచి సీటు మీద పడిన తువ్వాలుకు ఆ సీటు మీద హక్కుందో లేదో తీర్పు చెప్పాలి, కోడిపుంజుకు లగేజీ ఎందుకు కట్టాలో దాని యజమానికి నచ్చజెప్పాలి. ఇవన్నీ ఒకేసారి, మలుపులో, ఒంటికాలి మీద.

ఇవి నేర్చుకుంటే వచ్చే పనులే. అసలు కష్టమల్లా చిల్లర. తెల్లవారుజామున మొదటి ట్రిప్పులో ఎక్కిన మొదటి మనిషి పది రూపాయల టికెట్టుకు ఐదొందల నోటు తీస్తాడు. వెనకాయనా అంతే. చిల్లర లేదంటే, "కండక్టరువి, నీ దగ్గర లేకపోతే ఇంకెవరి దగ్గరుంటుందయ్యా!" అంటాడు. రిజర్వు బ్యాంకు రాత్రిళ్లు నా తోలుసంచిలోనే నాణేలు పోతపోస్తుందని జనం నమ్మకం. అందుకే మా ముందుతరం వాళ్లు ఒక విద్య కనిపెట్టి మాకు అప్పగించి పోయారు. ఇవ్వాల్సిన డబ్బు టికెట్టు వెనక రాసి, "దిగేటప్పుడు తీసుకో" అనడం. దీనికి అనుబంధ విద్య ఇంకోటుంది. ముక్కూమొహం తెలియని ఇద్దరికి కలిపి ఒక నోటు చేతిలో పెట్టి, "మీరిద్దరూ పంచుకోండి" అనడం. అలా దిగినవాళ్లు నోటు మార్చుకోవడానికి టీకొట్టుకు వెళ్లి, చెరో టీ తాగి, మాటామాటా కలిసి వియ్యంకులైన సందర్భాలున్నాయని మా డ్రైవరు ఒట్టేసి చెబుతాడు. నేను నమ్మను. చిల్లర దగ్గర మొదలైన చుట్టరికం కట్నం దగ్గర నిలబడదు.

2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి. ప్రభుత్వ బస్సుల టికెట్లకు పాత నోట్లు కొద్దిరోజులు చెల్లుతాయని చెప్పారు. ఇక చూడండి, పక్క ఊళ్లో పలకరించేవాడు లేనివాళ్లు కూడా ప్రయాణం కట్టారు. ఆ గొడవ సద్దుమణిగాక పది రూపాయల బిళ్లతో తంటా మొదలైంది. అది చెల్లుతుందని రిజర్వు బ్యాంకు ఎన్నిసార్లు చెప్పినా మా రూటులో మాత్రం ఎవరూ వినిపించుకోలేదు. నాకు ఇచ్చేటప్పుడు అది చెల్లుతుంది, నేను తిరిగిచ్చేటప్పుడు చెల్లదు.

ఇక మా బావమరిది. అతను మొదలుపెట్టిన ప్రతి బతుకుతెరువూ మా బస్సులోనే వెళ్లింది, కాబట్టి లగేజీ కొట్టింది నేనే. నాకది ఒకరకంగా మన ప్రాంత ఆర్థిక చరిత్ర. తొంభైల్లో నిజాంపట్నం వైపు రొయ్యల చెరువు కౌలుకు తీసుకున్నాడు. తెల్లమచ్చ తెగులొచ్చింది. తర్వాత బస్సు టాపు మీద పసుపుపచ్చ బోర్డొకటి కట్టించుకుని ఎస్టీడీ బూత్ పెట్టాడు. కొత్త శతాబ్దం రాగానే, అమెరికా డాక్టర్ల మాటలు విని టైపు చెయ్యాలంటూ మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌కు హైదరాబాదు వెళ్లాడు. అక్కణ్నుంచి అమీర్‌పేటలో టెస్టింగ్ టూల్స్. ఆ పైన ప్లాట్లు. వెంచరు బ్రోచరు మా బస్సులో ప్రతి సీటుకూ పంచాడు. కొన్నవాడు ఒక్కడూ లేడుగానీ, మిరపకాయ బజ్జీలు చుట్టుకోవడానికి దళసరి కాగితమని మెచ్చుకున్నారు.

వీటన్నిటికీ మకుటం ఈము పక్షి. అట్టపెట్టెల్లో చారల చారల పిల్లల్ని పెట్టుకుని ఎక్కాడు. ఒక పెట్టె బొక్కలోంచి మెడొకటి బయటికొచ్చి ముందు సీటు పెద్దమ్మ కొప్పులో పువ్వు పీక్కుంది. "ఏం పిట్టయ్యా ఇది?" అని ఆమె కేకలు. "ఆస్ట్రేలియా కోడి, పిన్నిగారూ! ఒక్క గుడ్డు ఖరీదుకు మీ గంపెడు గుడ్లొస్తాయి" అన్నాడు మావాడు. సరిగ్గా అప్పుడే చెకింగ్ వాళ్లెక్కారు. కోడికి లగేజీ ఎంతో తెలుసు, మేకకు ఎంతో తెలుసు. ఆస్ట్రేలియా పక్షి ఏ పద్దు కింద వస్తుందని ముగ్గురం తలలు పట్టుకున్నాం. కోడి అని నేనే రాశాను. ఆ కోడి పెరిగి పెరిగి మనిషెత్తయింది. కొనేవాడు లేడు, కోసినా తినేవాడు లేడు. ఈము నూనె మోకాళ్లకు మంచిదని నాకొక సీసా మిగిలింది. చెప్పకేం, మంచిదే.

రొయ్యలకు తెగులొచ్చింది, ఈముకు గిరాకీ పోయింది. అవి అతని తప్పులంటే నోరు పడిపోతుంది. కానీ ఎస్టీడీ బూత్ చక్కగా నడిచేది. మాట్లాడింది రెండు నిమిషాలే, మీటరు మూడెందుకు చూపిస్తోందని రోజూ తగాదాలట. విసుగెత్తి పక్కింటాయనకు ఇచ్చేశాడు. ఆయన ఆ తగాదాలను భరించాడు. అదే గదిలో జిరాక్స్ పెట్టాడు, ఆ తర్వాత సెల్ రీచార్జి, ఇప్పుడు ఆన్‌లైన్ దరఖాస్తులు. నాకు తెలిసి ప్రతి పనిలోనూ చిల్లర దొరకని చోటొకటి ఉంటుంది. మావాడు సరిగ్గా ఆ స్టేజీలోనే దిగిపోతాడు. ఇంకో బస్సెక్కితే అక్కడా ఇదే కండక్టరుంటాడని ఇప్పటికీ అతనికి తోచలేదు.

అయితే నేనేదో పట్టుదలతో నిలబడ్డానని రాస్తే మా ఆవిడ నవ్వుతుంది. మొదట్లో మానేసే ధైర్యం లేదు. ధైర్యం వచ్చేసరికి సొసైటీ లోను వచ్చింది. అది తీరేలోపు పని పట్టుబడింది. మనిషి మెట్టు మీద కాలుపెట్టే తీరు చూసి ఎక్కడ దిగుతాడో చెప్పగలను ఇప్పుడు. ఐదొందల నోటు తీసేవాడు జేబులో చెయ్యి పెట్టకముందే తెలిసిపోతాడు, వాడి మొహంలో ఒక అమాయకత్వం పుడుతుంది. ఈ విద్యలకు బయట కానీ విలువ లేదనుకోండి. మానకపోవడానికి అదీ ఒక కారణమే.

2020 జనవరి 1న ఏపీఎస్ ఆర్టీసీ సిబ్బందిని ప్రభుత్వంలో కలిపారు. ఆ రోజు బావమరిది ఫోన్ చేసి, "ముందే ఊహించావు బావా, నీది మామూలు బుర్ర కాదు" అన్నాడు. నేనేం ఊహించాను! ఉన్న బస్సులోనే నిలబడి ఉంటే ప్రభుత్వమే వచ్చి ఎక్కింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచితం అయ్యింది. చిల్లర పీడ సగం తీరిందని కొబ్బరికాయ కొట్టాను. ఇప్పుడు డబ్బుల బదులు ఆధార్ కార్డులొచ్చాయి. డబ్బు లేకపోయినా టికెట్టు కొట్టాల్సిందే కాబట్టి మిషను నొక్కే పని తగ్గలేదు. పైగా కార్డు మీది బొమ్మనూ ఎదురుగా ఉన్న మనిషినీ మార్చి మార్చి చూసి, "ఇది మీరేనా అమ్మా?" అని అడక్కుండా తెలుసుకోవాలి. ఒకసారి అడిగి చూశాను. ఐదొందల నోటే నయం.

పోయిన నెల బావమరిది సెల్‌ఫోనుకు కర్ర తగిలించుకుని ఎక్కాడు. యూట్యూబ్ ఛానల్ పెట్టాడట. విషయం, ఒకే ఉద్యోగంలో నిలదొక్కుకోవడం ఎలా. మొదటి వీడియోకు ముఖ్య అతిథిని నేనట.

"కష్టమైన పనిలో ఇన్నేళ్లు ఎలా ఉండగలిగావు బావా? యువతకు నీ సందేశం?"

"ముందు టికెట్టు తియ్యరా" అన్నాను.

ఐదొందల నోటు తీశాడు. మిగతాది టికెట్టు వెనక రాసిచ్చాను. ఆ మాటలతో సహా వీడియో పెట్టేశాడు, మా డ్రైవరు ఇంటిల్లిపాదికీ చూపించాడు. రెండోది వచ్చే వారం అన్నాడు గానీ, ఇంతవరకూ రాలేదు.