సోలార్ పెట్టేముందు వినకూడని సలహాలు

మణుగూరులో 30 మెగావాట్లు, ఇల్లందులో 39 మెగావాట్ల సోలార్ ప్లాంట్లు సింగరేణి పెట్టాక, ఖమ్మం చుట్టుపక్కల గ్రానైట్ షెడ్ల వాళ్లకీ మిర్చి కోల్డ్ స్టోరేజీల వాళ్లకీ ఆశ పుట్టింది. మంచిదే. కానీ సింగరేణికి సొంత సబ్‌స్టేషన్లున్నాయి, సొంత ఇంజినీర్లున్నారు. మన షెడ్లలో చాలావాటికి ఉన్నది ఏళ్లనాటి మెయిన్ ప్యానెల్, పిలిస్తే వచ్చే ఎలక్ట్రీషియన్. ఈ తేడా పట్టించుకోని సలహాలు ఊళ్లో బాగా తిరుగుతున్నాయి.

“పనంతా పైకప్పు మీదే. కింద ఖాళీగా ఉన్న బ్రేకర్‌కి తగిలిస్తే సరి.”

అన్నిట్లోకీ ప్రమాదమైన మాట ఇది. గ్రానైట్ షెడ్డులో ప్యానెల్ తలుపు తీసి టార్చి వేసి చూడండి. బస్‌బార్ కింది ఇన్సులేటర్ల మీద సన్నటి రాతిపొడి పేరుకుని ఉంటుంది. పాలిషింగ్ నీళ్ల తడికి అది గట్టిపడి పొరలా అంటుకుంటుంది. ఏదో ఒక ఫేజులో లగ్గు నల్లబడి, పక్కన వైరు తొడుగు పెళుసెక్కి కనిపిస్తుంది. బిగింపు వదులైందని, అక్కడ వేడి పుడుతోందని అర్థం.

ఇప్పుడు లెక్క చూడండి. 250 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నిండు లోడు మీద ఇచ్చేది 333 ఆంపియర్లు. దానికి 400 ఆంపియర్ల మెయిన్ బ్రేకర్, 400 ఆంపియర్ల బస్‌బార్ ఉన్నాయనుకుందాం. 100 కిలోవాట్ల సోలార్ ఇంకో 139 ఆంపియర్లు తెస్తుంది. మెయిన్ బ్రేకర్ 400 దాకా పోనిస్తుంది కాబట్టి, రెండూ బస్‌బార్‌లో ఒకే కొసన కలిస్తే అక్కణ్ణుంచి మోటార్ల వైపు 500 దాటి పారే వీలుంది. మెయిన్ బ్రేకర్‌కి తన గుండా వెళ్లేది మాత్రమే తెలుస్తుంది కాబట్టి అది పడిపోదు, బస్‌బార్ కాలుతుంది. సోలార్‌ని మెయిన్ బ్రేకర్‌కి ఎదురు కొసన కలపాలి, లేదా బస్‌బార్ సైజు పెంచాలి. ఏప్రిల్ మధ్యాహ్నం అన్ని మిషన్లూ తిరుగుతుండగా థర్మల్ కెమెరాతో ప్యానెల్‌ని చూపించి, ఆ తర్వాతే కొటేషన్ మీద సంతకం పెట్టండి.

“60 కిలోవాట్లు పెడితే బిల్లు 60 మేర తగ్గుతుంది.”

హెచ్‌టీ బిల్లు కేవీఏహెచ్ లెక్కన వస్తుంది. షెడ్డు లోడు 100 కిలోవాట్లు, 75 కేవీఏఆర్ అయితే గ్రిడ్ నుంచి తీసుకునేది 125 కేవీఏ. సోలార్ 60 కిలోవాట్లు ఇస్తే గ్రిడ్ మీద 40 కిలోవాట్లు మిగులుతాయి గానీ, ఆ 75 కేవీఏఆర్ అలాగే ఉంటుంది. అప్పుడు 85 కేవీఏ. తగ్గింది 40 మాత్రమే. పైగా పవర్ ఫ్యాక్టర్ 0.8 నుంచి 0.47కి పడిపోతుంది. పాత కెపాసిటర్ ప్యానెల్ బాగుచేయించాలి, దాని సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) ఎక్కడుందో చూడాలి. నష్టం నెలనెలా బిల్లులో కనిపిస్తున్నా, సోలార్ పెట్టిన కంపెనీని తిట్టడం తప్ప అసలు కారణం వెతికేవాళ్లు తక్కువ.

“కరెంటు పోయినా ఎండ ఉందిగా, జనరేటర్ అమ్మేయండి.”

గ్రిడ్ పోగానే ఇన్వర్టర్ ఆగిపోవాలి. ఆగేలానే చేస్తారు. పాల్వంచ దాటి అడవిలోకి వెళ్లే 11 కేవీ లైన్ల మీద గాలివానకి చెట్లు పడుతూనే ఉంటాయి. ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని లైన్‌మన్ స్తంభం ఎక్కినప్పుడు మన షెడ్డు నుంచి కరెంటు వెనక్కి పోతే, ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 11 వేల వోల్టులు చేసి అతని చేతికిస్తుంది. ఇన్వర్టర్‌లో ఆ రక్షణ తీసేయమని ఎవరైనా అంటే, ఆ మనిషిని గేటు దాటనివ్వకండి. జనరేటర్‌తో కలిపి నడపాలన్నా సోలార్‌ని తగ్గించే కంట్రోలర్ ఉండాలి. లేకపోతే లోడు తగ్గినప్పుడు కరెంటు ఎదురు తన్ని ఇంజిన్ దెబ్బతింటుంది.

“మనది ఎండల ఊరు, చలి లెక్కెందుకు?”

వేడికి సోలార్ పలక ఇచ్చే పవర్ తగ్గుతుంది, చలికి వోల్టేజి పెరుగుతుంది. 49.5 వోల్టుల పలకలు 20 వరసగా కడితే 990. భద్రాచలం వైపు జనవరి తెల్లవారుజామున చలి 10 డిగ్రీలకి దిగితే అది 1030 చేరుతుంది. 1000 వోల్టుల ఇన్వర్టర్ ఆ ఉదయమే పోవచ్చు. డీసీ వైపు ఏసీ బ్రేకర్ వాడటమూ అంతే ప్రమాదం. డీసీలో పుట్టిన ఆర్క్ తనంతట తాను ఆరదు.

“ఎర్తింగ్ పాతదే చాలు.” పిట్ దగ్గర మీటరు పెట్టి కొలిపించండి. పిడుగులు పడే చోటు మనది.

“ఇన్వర్టర్లు కింద గదిలో పెట్టండి, చల్లగా ఉంటుంది.” సారపాక, బూర్గంపహాడ్ వైపు ఇది అసలు వినకండి. భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులు. 2022 జూలైలో గోదావరి 71.3 అడుగులకొచ్చింది, 1986లో 75.6. ఆ నీళ్లు మీ గోడ మీద ఎక్కడిదాకా వచ్చాయో పాతవాళ్లని అడిగి సున్నంతో గీత గీయించండి. ఇన్వర్టర్, మీటర్, మెయిన్ ప్యానెల్ మూడూ ఆ గీతకి పైనే ఉండాలి. అలా ఉన్న డ్రాయింగునే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ అనుమతికి పంపండి.