లెక్కల బాబాయి

ప్రతి కాలనీ పార్కులోనూ ఒక లెక్కల బాబాయి ఉంటాడు. తెల్లబూట్లు, ట్రాక్ ప్యాంటు, స్మార్ట్ వాచీతో ముస్తాబై అందరికంటే ముందే వస్తాడు. వచ్చి గేటు పక్కన సిమెంటు బెంచీ మీద చతికిలబడతాడు. దేశ ఆరోగ్యాన్ని అక్కడినుంచే చూసుకుంటాడు.

"2022లో మనవాళ్ళలో 49.4 శాతానికి చాలినంత వ్యాయామం లేదోయ్. 2000లో 22 శాతమే! లాన్సెట్ వాడు రాశాడు" అని, చెమటోడ్చి నడిచేవాళ్ళను ఆపి మరీ చెబుతాడు. ఆగిన పాపానికి వాళ్ళూ కాసేపు ఆ లెక్కలో చేరిపోతారు.

వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. బాబాయికి ఆ 150 మాటల్లోనే అయిపోతాయి. "మరి రోజుకు పదివేల అడుగులో?" అంటే నవ్వేస్తాడు. "అది డాక్టర్ల మాట కాదు. 1965లో జపాన్ కంపెనీ ఒకటి అడుగులు లెక్కపెట్టే మిషను అమ్ముకోవడానికి దానికి పెట్టిన పేరు!" నిజమే. ఆ నిజం తెలిసిన దగ్గర్నుంచి ఆయన వెయ్యి కూడా వేయడం లేదు.

లండన్ డబుల్ డెక్కర్ల కథంటే మరీ ఇష్టం. కూర్చుని బస్సు నడిపే డ్రైవర్లకంటే, రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని 1953లో జెర్రీ మారిస్ అనే డాక్టరు తేల్చాడు. ఇది చెప్పేటప్పుడు మాత్రం బాబాయి లేచి, టికెట్లు కొడుతూ మెట్లెక్కి చూపిస్తాడు. ఆ పూటకు వాచీలో పడే అడుగులు అవే.

ఇంటికెళ్తూ ఒక బండి దగ్గర రాగిజావ, పక్క బండి దగ్గర నాలుగు మైసూరు బజ్జీలు. జావ ఆరోగ్యానికి, బజ్జీలు జావలోకి.

"ఆడవాళ్ళలో అయితే 57 శాతం కదలడమే లేదటే!" అన్నాడోసారి పేపరు చాటునుంచి. "ఆ కాళ్ళు కాస్త పైకి పెట్టండి, తుడవాలి" అంది పిన్ని.

మొన్న రక్తపరీక్షలో ప్రీడయాబెటిస్ బయటపడింది. ఇప్పుడు నడక మొదలుపెడితే షుగరు దాకా పోకుండా ఆపుకోవచ్చని డాక్టరు చెప్పాడట. పలకరించడానికి వెళ్తే బాబాయి హుషారుగానే ఉన్నాడు. "దేశంలో 13.6 కోట్ల మందికి ఉందని 2023లో ఐసీఎంఆర్ వాళ్ళే చెప్పారు. మనమొక్కళ్ళమేనా?"

"మరి నడక?"

"ముందు ఒకటి తేలనీ. ఆ 13.6 కోట్లు నన్ను కలుపుకునా, వదిలేసా?"