క్లాసుగారు

మనకి క్లాసు అంటే బడిలో కూర్చునేది, రైల్లో పడుకునేది, సినిమా అయితే ఈలలు పడనిది. తోచని పెద్దలు పిల్లలకి పీకేదీ అదే. మలక్‌పేట రేసుకోర్సు గేటు దాటితే ఈ మాటకి ఇంకో అర్థం ఉంది. దాన్ని ముప్పై ఏళ్ళుగా భుజాన వేసుకు తిరుగుతున్న పెద్దమనిషిని మేం క్లాసుగారు అంటాం. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది, అక్కడే ఉండనిద్దాం. ఇలాంటాయన మాకొక్కరికే దక్కాడన్న గర్వం ఏమీ లేదు. గిండీ రేసుల్లో ఒకాయన, మహాలక్ష్మి రేసుల్లో ఒకాయన, బెంగళూరులో స్వెట్టరు వేసుకున్నాయన ఒకరు ఉండే ఉంటారు.

గుర్తుపట్టడం తేలిక. జేబులో రెండు పెన్నులు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. చేతిలో ఆనాటి రేసుబుక్కు, గుడ్డసంచిలో పాత రేసుబుక్కులు. ప్యాడక్‌లో గుర్రాల్ని తిప్పుతుంటే జనమంతా కంచె మీద పడి వాటి నిగనిగ చూస్తారు. ఈయన మాత్రం అటు వీపు పెట్టి నిలబడి సంచి వెతుక్కుంటూ ఉంటాడు.

"గుర్రాన్ని చూస్తే ఏం తెలుస్తుందోయ్? పెళ్ళిపీటల మీద ప్రతివాడూ బాగానే ఉంటాడు. పాత బుక్కు తియ్యి."

సర్వీసంతా పే ఫిక్సేషన్ సెక్షన్లో గడిపిన మనిషి. ఎవరు ఏ స్కేల్లో ఉన్నారు, ఎవరికి ఇంక్రిమెంటు ఆగింది, ఎవరు సీనియరై ఉండీ జూనియరు కంటే తక్కువ తీసుకుంటున్నారు, ఇదే లోకం. అలాంటివాడికి రేసుబుక్కు చేతికొస్తే అందులో గుర్రాలు కనపడవు, ఉద్యోగులు కనపడతారు. గుర్రాలకి బరువులు నిర్ణయించే హ్యాండికాపరు చేసే పనీ పే ఫిక్సేషనే కదా. ప్రతి గుర్రానికీ ఒక రేటింగు, రేటింగుని బట్టి మోయాల్సిన బరువు, ఒక పాయింటుకి అరకిలో. గెలిచినదాని రేటింగు పెరుగుతుంది, ఓడుతూ పోయినదాన్ని మెల్లగా దించుతారు. 20 నుంచి 45 రేటింగు ఉన్నవాటికి ఒక రేసు, 40 నుంచి 65 వాటికి ఇంకోటి, 60 నుంచి 85 వాటికి మరోటి. ఈ అంతస్తుల్నే పాతకాపులు క్లాసులంటారు.

కిటుకంతా 40కీ 45కీ మధ్య ఉన్న సందులో ఉంది. 42 రేటింగు గుర్రం రెండు రేసుల్లోనూ దిగొచ్చు. పైదాంట్లో దిగితే వీపు తేలిక, పక్కన పరిగెత్తేవాళ్ళు గట్టివాళ్ళు. కిందిదాంట్లో దిగితే పక్కవాళ్ళు ఆషామాషీ, వీపు మీద బండ. "పెద్దింటికి చిన్నకోడలా, చిన్నింటికి పెద్దకోడలా? ఏది నయం, చెప్పు" అంటాడు క్లాసుగారు, ఇరానీ హోటల్లో టీ సాసర్లోకి ఒంపుతూ. నేను జవాబు చెప్పేలోపు టీ అయిపోతుంది, క్లాసు మొదలవుతుంది.

ఆయన సిద్ధాంతం ఒక్కటే. పైనుంచి దిగివచ్చినవాణ్ణి నమ్ము. చితికినా జమీందారు జమీందారే. నిన్నటిదాకా 65ల మధ్య తిరిగిన గుర్రం ఇవాళ 20ల మధ్యకి వస్తే అది అడుగు వేస్తేనే తేడా తెలుస్తుందంటాడు. ఆ జమీందారు ఎందుకు చితికాడో మాత్రం అడగడు. వయసు మీద పడిందా, కాలు పట్టేసిందా, పరిగెత్తాలన్న సరదాయే తీరిపోయిందా, ఇవేవీ ఆయన ఎర్రపెన్నుకి అందవు.

అయినా ఒప్పుకోవాలి, ఆయన మాటలో సరుకుంది. కొత్తవాళ్ళు టైము చూసి మురిసిపోతారు. 1400 మీటర్లు ఇన్ని సెకన్లలో లాగింది కాబట్టి గెలుస్తుందంటారు. కానీ ముందున్నవి మెల్లగా నడిపిస్తే మంచి గుర్రం టైమూ చెడుతుంది, ఊపుగా లాగితే మామూలుదీ మెరుస్తుంది. అందుకే క్లాసుగారు గడియారం చూడడు. ఎవరిని ఓడించింది, ఆ ఓడినవి తర్వాత ఎవరిని గెలిచాయి, ఎంత బరువు మోస్తూ గెలిచాయి, ఇదీ ఆయన ఆరా. సంబంధం మాట్లాడేముందు ఏడు తరాలు తవ్వే మేనత్త కూడా ఇంత లోతుకి పోదు.

ఈయనకి ఆగర్భ శత్రువు ఒకడే, హ్యాండికాపరు. వాడి పనే గుర్రాలన్నీ గీత దగ్గరికి ఒకే వరసలో వచ్చేలా బరువులు సర్దడం. అంటే క్లాసుగారు ఏది కనిపెట్టినా దాన్ని చెరిపెయ్యడానికే ఒక ఆఫీసరు కూర్చుని ఉన్నాడన్నమాట. ఇంగ్లండులో అడ్మిరల్ రౌస్ అనే నౌకాదళం ఆయన 1855 నుంచి ఈ పని చేశాడు. క్లాసుగారు ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు. హ్యాండికాప్ అన్న మాట అసలు టోపీలో చెయ్యి పెట్టి ఆడే ఓ మారకం ఆట నుంచి వచ్చింది. మధ్యవర్తి రెండు వస్తువుల తేడా చెబుతాడు, ఇద్దరూ టోపీలో చేతులు పెట్టి తీసి సరేనా కాదా తేలుస్తారు. ఇది వినగానే నాకు మన పశువుల సంతలో కండువా కింద వేళ్ళు పట్టుకుని బేరమాడే దళారులు గుర్తొచ్చారు. క్లాసుగారితో అంటే, "అక్కడ ఎద్దుని కొంటారు. ఇక్కడ కొనకుండానే డబ్బు పోతుంది" అన్నాడు. ఆయన నోట నిజం జారిన సందర్భాలు తక్కువ, అందుకని రాసి పెట్టుకున్నాను.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886లో రేసుల్ని మౌలాలీ నుంచి మలక్‌పేటకి తెచ్చాడు. వాటి కోసం మేం దిల్‌సుఖ్‌నగర్ నుంచి వస్తాం. ఓ వానాకాలం సోమవారం. 20 నుంచి 45 రేసు, 1400 మీటర్లు. ఒకటో నంబరు రేటింగు 44, బరువు 60 కిలోలు, వచ్చింది పై క్లాసు నుంచి. తొమ్మిదో నంబరు రేటింగు 24, బరువు 50. దాని మీద కూర్చున్నది అప్రెంటిసు కుర్రాడు కాబట్టి ఇంకో రెండు కిలోలు తగ్గింపు. జీను కింద సీసం పలకలు కూర్చి ఒకటో నంబరుకి 60 నింపారు. తొమ్మిది కంటే 12 కిలోలు ఎక్కువ. మన ఇళ్ళకొచ్చే సిలిండర్లో గ్యాసే 14.2 కిలోలు ఉంటుంది. దాదాపు ఓ నెల వంట వీపున కట్టుకుని పరిగెత్తడమే.

"గురువుగారూ, బరువు..."

"క్లాసుకి బరువేమిటోయ్? పెట్టు ఐదువందలు."

పెట్టాను. ఆఖరి ఫర్లాంగులో ఒకటో నంబరు పక్కకి వచ్చి ఒక్కొక్కదాన్నే దాటేస్తుంటే క్లాసుగారు గుడ్డసంచి తలమీదకెత్తి ఊపుతున్నాడు. గీత దగ్గర తొమ్మిదీ అదీ కలిసిపోయాయి. ఫోటో చూసి తేల్చాల్సిందే. అంత గోలలోనూ మా వరసలో ఎవరో వేరుశెనక్కాయ నలిపిన చప్పుడు వినిపించింది. బోర్డు మీద తొమ్మిది పడింది. ముక్కుతో గెలిచింది.

క్లాసుగారి మొహం వెలిగిపోయింది.

"చూశావా! ముక్కు! పన్నెండు కిలోలు ఎక్కువ మోసి ముక్కుతో ఓడిందంటే ఏమిటి అర్థం?"

"ఐదువందలు పోయిందని అర్థం."

"డబ్బుదేముందోయ్, లెక్క నిలబడింది" అని ఎర్రపెన్ను తీసి రేసుబుక్కులో ఏదో రాసుకున్నాడు. అలా నిలబడ్డ లెక్కలు ఆయన సంచిలో చాలా ఉన్నాయి. ఓడుతూ ఉంటే గుర్రాన్నైనా కింది క్లాసుకి దించుతారు. పందెం కట్టేవాణ్ణి దించే ఆఫీసరు ఏ క్లబ్బులోనూ లేడు.

చాలా ఏళ్ళుగా గాంధీ జయంతి నాడు ఇక్కడ డెక్కన్ డెర్బీ జరుగుతోంది, 2000 మీటర్లు. దానికి హ్యాండికాపు లేదు. ఆడగుర్రాలకి కాస్త తగ్గింపు తప్పిస్తే అందరికీ ఒకటే బరువు, క్లాసు ఉన్నది ఉన్నట్టు బయటపడుతుంది. క్లాసుగారికి అది పండగ కావాలి కదా? ఆ రోజు పైసా కట్టడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, చేతులు కట్టుకుని చూసి పోతాడు. ఎందుకండీ అంటే, "ఇందులో క్లాసు ప్రతివాడికీ కనిపిస్తుందోయ్, ఇంక నేనెందుకు?" అన్నాడు. నాకు తెలిసి ఆయనకి డబ్బు పోని రోజు అదే.

ఇంట్లో మాట పడకుండా బీరువాలో ఓ కాగితం దాచాడు. మద్రాసు రేస్ క్లబ్బు వ్యవహారంలో 1996లో సుప్రీంకోర్టు గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడ్డ ఆట అని తేల్చింది. ఆ తీర్పు జిరాక్సు ఎల్ఐసీ పాలసీల మధ్య ఉంటుంది. వాళ్ళావిడ ఒకసారి అంతా చదివి, "నైపుణ్యం ఉన్నవాళ్ళ గురించి కదండీ రాశారు" అంది. ఆ తర్వాత 2017లో జీఎస్టీ వచ్చి, రేసుల్ని క్యాసినోలతో కలిపి 28 శాతం గాట కట్టేసింది. పన్ను కట్టడానికి ఆయనకి అభ్యంతరం లేదు. జూదంతో ఒకే క్లాసులో పడేశారే అన్నదే బాధ. చాలా రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

మొన్న జూన్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. మనవడు బడి నుంచి ఎగురుకుంటూ వచ్చాడు.

"తాతయ్యా, నేను నాలుగు నుంచి ఐదో క్లాసుకి వచ్చేశా!"

క్లాసుగారి చేతిలో టీ ఒలికింది. రేసుల్లో ఒకటో క్లాసు పైది, ఐదోది అట్టడుగు. నాలుగు నుంచి ఐదుకి పోవడమంటే ఆయనకి ఒకటే అర్థం. పిల్లాణ్ణి జాలిగా దగ్గరికి తీసుకుని, వాడి వీపు మీది బ్యాగు ఓ చేత్తో ఎత్తి చూశాడు. ఇంకోసారి ఎత్తాడు. కళ్ళు మూసుకుని అంచనా వేశాడు.

"ఆరు కిలోలు. పోయినేడు నాలుగే కదరా? అంటే నాలుగు పాయింట్లు పెంచారు!" మొహం విప్పారింది. "దించలేదోయ్ వీణ్ణి, ఎత్తారు!"

మర్నాడు పొద్దున్న మలుపు దగ్గర ఇద్దరూ ఎదురయ్యారు. బ్యాగు తాతగారి భుజాన ఉంది. నేను చూసి నవ్వితే, "అప్రెంటిసు కదోయ్, బరువు తగ్గింపు ఉంటుంది" అన్నాడు. పిల్లాడు అప్పటికే బస్సు దాకా పరిగెత్తేశాడు. క్లాసుగారు వగరుస్తూ వెనకాలే వెళ్ళాడు.