నా ఒంటి మీది ఏడు

నేను నార్వే దేశపు ఒక క్రోన నాణేన్ని. రాగి, నికెల్ కలిసిన ఒళ్లు, నడుమ చిల్లు. 1925లో కోంగ్స్‌బెర్గ్ టంకశాలలో అచ్చు పడ్డాను. వెతికి చూస్తే అడ్డంగా వేసిన రెండు చిన్న సుత్తులు కనిపిస్తాయి, అది మా టంకశాల గుర్తు. పెద్దగా కనిపించేది మాత్రం రాజుగారి ముద్ర: హెచ్ అక్షరం, దాన్ని అంటిపెట్టుకుని 7 అంకె. హెచ్ అంటే హోకొన్.

పాత నార్స్ భాషలో 'హా' అంటే ఎత్తైనది, 'కొన్ర్' అంటే కొడుకు, వంశాంకురం. గొప్ప ఇంట పుట్టినవాడని పండితుల్లో ఎక్కువమంది చెప్పే అర్థం. పదో శతాబ్దంలో ఇంగ్లండ్ రాజు అథెల్‌స్టన్ దగ్గర పెరిగి వచ్చి నార్వేను ఏలినవాడు మొదటి హోకొన్. ఆరో హోకొన్ 1380లో పోయాడు. తర్వాత దేశం డెన్మార్క్ చేతిలోకి, 1814లో స్వీడన్ రాజు కిందికి వెళ్లింది. 525 ఏళ్లు ఆ గద్దె మీద ఈ పేరు లేదు.

1905లో స్వీడన్‌తో తెగతెంపులు చేసుకున్న నార్వే, డెన్మార్క్ రాకుమారుడు కార్ల్‌ను రాజుగా రమ్మంది. ముందు జనాన్ని అడగండి అన్నాడాయన. ఓటు పడ్డాకే వచ్చాడు. కార్ల్ అన్నది నార్వేను ఏలిన స్వీడన్ రాజుల పేరు కూడా, దాన్ని వదిలేసి హోకొన్ అయ్యాడు. రెండేళ్ల కొడుకు అలెగ్జాండర్ కాస్తా ఓలావ్ అయ్యాడు. నాకు అన్నిటికన్నా ఇష్టం ఆ 7. ఆరో ఆయన తర్వాత నేనే, మధ్యలో ఎవరెవరు ఏలినా మా వరస తెగలేదు అని ఆ ఒక్క అంకెతో చెప్పేశాడు.

1940 ఏప్రిల్ 9న జర్మన్ సేనలు దిగాయి. నాజీల పక్షం వహించిన నార్వే నాయకుడు క్విస్లింగ్‌ను ప్రధానిని చేయమని హిట్లర్ రాయబారి పట్టుబట్టాడు. ఆ పని నా వల్ల కాదు, కావాలంటే గద్దె దిగిపోతానని రాజు మంత్రులకు చెప్పేశాడు. జూన్ 7న త్రోమ్సోలో ఓడెక్కి బ్రిటన్ వెళ్లాడు. ఆయన ఇక రాజు కాడని సెప్టెంబర్‌లో ఆక్రమణదారులు ప్రకటించారు.

నా అసలు బతుకు అప్పుడు మొదలైంది. బెర్గెన్‌లో బట్టలు కుట్టే ఒకావిడ నన్ను చిల్లరలోంచి ఏరి, ముద్ర మెరిసేదాకా గుడ్డతో రుద్దింది. వెనక పిన్ను అతికించి, కోటు కాలరు మడత లోపల పెట్టుకుంది. నమ్మకమైనవాళ్లు ఎదురుపడితే బొటనవేలితో మడత కాస్త ఎత్తేది. ఒక్కోసారి అవతలి కాలరు కిందా నాలాంటిదే మెరిసేది. పట్టుబడితే ప్రమాదమని తెలిసీ జనం అదే ముద్రను గోడల మీద రంగుతో రాశారు. అంత ధైర్యవంతుల ఒంటి మీద ఉన్నందుకు నాకు ఇప్పటికీ గర్వమే.

1945లో, వెళ్లిన జూన్ 7వ తేదీకే రాజు తిరిగొచ్చాడు. ఆ రోజు ఆవిడ నన్ను కోటు పైనే పెట్టుకుని వీధిలోకి నడిచింది. 1957లో రాజు పోయాడు, ఓలావ్ గద్దెనెక్కాడు. తాతల పేరు పెట్టుకునే అలవాటు అక్కడా ఉంది. 1973లో పుట్టిన మునిమనవడికి హోకొన్ అనే పేరు పెట్టారు. ఈ వరసలో తర్వాతి అంకె, 8, అతనిదే.