మిట్టమధ్యాహ్నం ఏథెన్స్ చూడటం ఎలా?

జూలై నెలలో, స్నేహితుల గుంపుతో, ఒక్క రోజులో ఏథెన్స్ అంతా చూసేయాలని కంకణం కట్టుకున్నవారి కోసం ఈ సలహాలు. రోమ్‌కో బార్సిలోనాకో వెళ్ళేవాళ్ళు కొండల పేర్లు మార్చుకుని వాడుకోవచ్చు.

ఆలస్యంగా బయల్దేరండి. వేసవిలో అక్రోపోలిస్‌ను ఉదయం 8 గంటలకే తెరుస్తారు. ఆ వేళకి ఎండ ముదరదు, జనమూ పలుచగా ఉంటారు. అందుకే ఆ జోలికి పోవద్దు. హోటల్ వాళ్ళు గది అద్దెలోనే టిఫిన్ కలిపారు గనక ముందు దాని అంతు చూడాలి. తర్వాత ఒకరికి చార్జర్ కనిపించదు, ఇంకొకరికి ఇంటి నుంచి వీడియో కాల్ వస్తుంది. 2023 నుంచి టికెట్ మీద లోపలికి వెళ్ళాల్సిన వేళ కూడా వేస్తున్నారు. పన్నెండు గంటల టికెట్ ముందే కొని పెట్టుకుంటే, పొరపాటున పెందలాడే చేరుకునే ప్రమాదం తప్పుతుంది.

ఎండను లెక్కచేయకండి. "బెజవాడ వాళ్ళం, 38 డిగ్రీలు మాకొక లెక్కా?" అనండి. అదే 38లో బెజవాడలో సందు చివరి కొట్టుకెళ్ళి పెరుగు ప్యాకెట్ తెమ్మంటే ఇంట్లో ఎంత రభస చేశారో మాత్రం గుర్తు తెచ్చుకోకండి. 2023 జూలైలో వడగాడ్పులకు గ్రీకు ప్రభుత్వమే అక్రోపోలిస్‌ను కొన్నాళ్ళు మధ్యాహ్నం పూట మూసేసింది. పాపం, వాళ్ళకు మన రెంటచింతల ఎండల సంగతి తెలియదు.

టోపీ వద్దు. ఫొటోల్లో బాగుండదు.

నీడ కోసం వెతకొద్దు. పార్థెనాన్‌కు కప్పు ఉండేది. తురుష్కులు అందులో మందుగుండు దాచారు, వెనిస్ సైన్యం ఫిరంగులు పేల్చింది, 1687లో కప్పు కాస్తా ఎగిరిపోయింది. నీడ కావాలంటే అంతకుముందే రావాల్సింది. పక్కనే ఎరెక్తియాన్ గుడి దగ్గర ఒక ఆలివ్ చెట్టుంది. ఈ ఊరు ఎవరిదన్న పోటీలో సముద్రదేవుడు పొసైడన్ బండను పొడిచి ఉప్పునీళ్ళు తెప్పించాడనీ, ఏథెనా దేవి ఆలివ్ చెట్టు మొలిపించి గెలిచిందనీ కథ. ఉప్పునీళ్ళు దాహానికి పనికిరావు, ఆలివ్ ఆకు సందుల్లోంచి ఎండంతా కిందికే దిగుతుంది. ఆ తల్లి మర్రిచెట్టు ఇచ్చి ఉంటే మనమూ ఓటేసేవాళ్ళం. ఇక అక్కడ వసారా మోస్తూ నిలబడ్డ రాతికన్యలు నకళ్ళు. కాలుష్యానికి పాడైపోతుంటే అసలు విగ్రహాలను లోపలికి తరలించారు. ఒకామె ఎప్పుడో లండన్ చేరింది. మిగతా ఐదుగురూ 2009లో తెరిచిన మ్యూజియంలో ఏసీ కింద ఉన్నారు. ఎండలో మిగిలింది నకళ్ళూ, మనమూ.

అలసిపోయానని మొదట మీరు అనకండి. మిగతావన్నీ మరిచినా ఇదొక్కటి పాటించండి. అక్రోపోలిస్ దిగగానే ఎవరో ఒకరు ఫోన్ చూసి, "పక్కనే అరియోపాగస్ అట, చిన్న బండే" అంటారు. "నాకైతే ఓకే, మీ ఇష్టం" అంటారు ఇంకొకరు. "మీరెలా అంటే అలా" అని మూడోవారు. అప్పటికి అందరి బుర్రలోనూ ఉన్నది ఒక కుర్చీ, ఒక గ్లాసు చల్లటి నీళ్ళు. అయినా ఎవరూ నోరు విప్పరు. ముందు కూలబడినవాడి పేరు వాట్సాప్ గ్రూపులో శాశ్వతంగా నిలిచిపోతుందని అందరికీ తెలుసు. కనక బండ ఎక్కుతారు, నున్నబడిన రాయి మీద జారుతారు, దిగుతారు. ఆ తర్వాత ప్రాచీన అగోరా. ఆ తర్వాత, ఊళ్ళోనే అటువైపున్న 277 మీటర్ల లికబెట్టస్ కొండ. "పైనుంచి వ్యూ బాగుంటుందట."

రాత్రి గదిలో కాళ్ళు చన్నీళ్ళలో పెట్టుకుని ఎవరో నోరు జారతారు: "నిజానికి నేను మీ కోసమే వచ్చాను." "ఓరి నీ! నేను నీకోసం కదరా ఎక్కింది!" ఎవరికీ అక్కర్లేని కొండను అందరూ కలిసి ఎక్కి దిగారన్నమాట.

ఇక్కడ కాసేపు వెటకారం పక్కన పెడతాను. కాలేజీ రోజుల్లో "ఒరే, ఆగండ్రా, నావల్ల కాదు" అనడానికి ఒక్క క్షణం పట్టేది కాదు. ఇప్పుడు తలో దేశం నుంచి, సెలవులు కుదుర్చుకుని, ఏళ్ళ తరబడి వాయిదా వేసి కలుస్తాం. ఆ నాలుగు రోజులూ నా మూలంగా పాడయ్యాయని అనిపించుకోకూడదన్న భయం ఒక్కొక్కరికీ. ఆ భయంలోనే, కూర్చుని కబుర్లు చెప్పుకోవాల్సిన మధ్యాహ్నమంతా ఒకరి వీపు ఒకరు చూస్తూ నడిచేస్తాం. పార్థెనాన్ మరో వెయ్యేళ్ళు ఉంటుంది. మనం మళ్ళీ ఇలా కలుస్తామన్న పూచీ లేదు.

సరే, సలహాలకొద్దాం.

ఊరివాళ్ళను చూసి నేర్చుకోకండి. వేసవిలో మధ్యాహ్నం మూడు నుంచి ఐదున్నర దాకా అక్కడ గోల చేయకూడదని నిబంధనే ఉంది. కిటికీ రెక్కలు మూసుకుని కునుకు తీసేవాళ్ళు తీస్తారు, తీయనివాళ్ళు ఫ్రెడ్డో ఎస్ప్రెసో అనే ఐస్ కాఫీ ఒక్కటి ముందు పెట్టుకుని ఐసు కరిగేదాకా కూర్చుంటారు. వట్టివేళ్ళ తడికెలు తడిపి, తలుపులు బిగించి, "ఎండలో తిరిగితే కాళ్ళిరగ్గొడతా" అన్న అమ్మమ్మకు మనవలమై ఉండీ ఈ విద్య మనకు తెలియనట్టే నటించాలి.

సింటగ్మా చౌక్‌లో కాపలా సైనికులను చూడండి. గంట సేపు కదలకుండా నిలబడతారు. వాళ్ళకు చెమట తుడవడానికి ఇంకో సైనికుడుంటాడు. మీకు ఉండడు.

భోజనానికి ఎక్కడికెళ్ళాలో రోడ్డు మీదే తేల్చుకోండి. రేటింగులన్నీ చదివేసరికి వంటగదులు మూసేస్తారు.

ఇంటికొచ్చాక ఎవరైనా అడిగితే "ఏథెన్స్‌కు ఒక్క రోజు చాలు" అనండి. పొద్దున్నే వెళ్ళమని చెప్పడం వృథా. ఆ సంగతి వాళ్ళకూ తెలుసు. పొద్దున్నే లేచేవాడు వాళ్ళ గుంపులోనూ ఒకడుంటాడు. ఏడింటికే స్నానం చేసి, బూట్లేసుకుని, హోటల్ లాబీలో మిగతావాళ్ళ కోసం చూస్తుంటాడు. "ఏంటిరా ఆలస్యం" అని మాత్రం అడగడు.